దక్షిణం: వగైరాల భూమి

కోర్టు హాల్లో కూర్చుంటే ఎక్కువసార్లు చెవినపడే ఇంగ్లీషు మాటల్లో 'వేగ్' ఒకటి. అస్పష్టం అని దానర్థం. అవతలి ప్లీడరు లేచి "ఈ ఆరోపణ పూర్తిగా వేగ్‌గా ఉంది సార్" అంటాడు. జడ్జిగారు కాగితాలు తిరగేస్తూ "మీ నాలుగో పేరా వేగ్‌గా ఉందండీ, అసలేం చెప్పదలిచారు?" అంటారు. వెనక బల్లమీద కూర్చున్న కక్షిదారుకు ఆ ఒక్క ముక్కే వినపడుతుంది. మా కక్షిదారు ఒకాయన వరండాలోకి వచ్చి తోడొచ్చిన వాళ్లతో "మన కేసు వేగంగా ఉందంట" అని చెప్పుకుని సంబరపడ్డాడు. ఆయన దావా అప్పటికే ఏళ్ల తరబడి నలుగుతోంది.

కృష్ణా డెల్టాలో ఒక తాలూకా కోర్టులో నేను సివిల్ ప్లీడరుని. నా పనిలో సగం ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. నేను రాసిన కాగితంలో వేగ్‌గా ఉన్నది ఏదీ మిగలకూడదు. అవతలివాళ్ల కాగితంలో అది ఎక్కడ నక్కి ఉందో పట్టుకోవాలి. మా గుమాస్తా ఈ రెండో పనిలో నాకంటే ఘనుడు. రిటన్ స్టేట్‌మెంటు చేతికి రాగానే పెన్సిలు పట్టుకుని 'సుమారు', 'తదితరులు', 'కొంత మొత్తం', 'అప్పట్లో' అన్న మాటల కింద గీతలు గీసి నా బల్లమీద పెడతాడు.

ఈ మాటకు అర్థమేమిటని సుప్రీంకోర్టే ఒకసారి విచారించింది. 1951లో బొంబాయి రాష్ట్రానికీ ఆత్మారామ్ శ్రీధర్ వైద్యకూ మధ్య నడిచిన కేసు అది. విచారణ లేకుండా నిర్బంధించిన మనిషికి కారణాలు చెప్పాలి, వాటి మీద మొరపెట్టుకునే వీలివ్వాలి అని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఇచ్చిన కారణాలు వేగ్‌గా ఉంటే ఆ వీలు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? ప్రధాన న్యాయమూర్తి కానియా గారు దాన్ని 'ఖచ్చితం' అన్నదానికి వ్యతిరేకంగా తీసుకున్నారు. తగినంత నిశ్చయంగా అర్థం చేసుకోవడానికీ, ఇదీ అని గిరి గీసి చెప్పడానికీ వీల్లేని కారణం వేగ్ అన్నారు. ఇంతకు మించి సూత్రం కట్టలేం, ఏ కేసుకా కేసు చూసుకోవాలని కూడా అన్నారు. వేగ్‌ని నిర్వచించబోయి తీర్పే వేగ్‌గా ఆగిపోయిందని బార్ గదిలో జోకు వేసుకుంటారు గానీ, ఆయన ఆగిన చోటు సరైనదనే నా నమ్మకం. నిర్బంధంలో ఉన్నవాడికి ఎంత వివరం ఇస్తే తిరిగి జవాబు చెప్పుకోగలడో, అంత వివరం కావాలి. ఆ కొలత మనిషిని బట్టి, ఆరోపణను బట్టి మారుతుంది.

కొత్తగా సన్నదు పుచ్చుకున్న కుర్రాళ్లు వేగ్‌నీ, రెండర్థాల మాటనీ ఒకే గాటన కట్టేస్తారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇందుకు రెండు గుర్రాలున్నాయి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది గానీ మా తరానికి ఆ పాత గుర్రాలే గుర్తు. నా తెల్లగుర్రం నీకు అమ్ముతానని ఒకడు రాసిచ్చాడు. తీరా చూస్తే వాడి సాలలో తెల్లగుర్రాలు రెండున్నాయి. ఏ గుర్రమో బయటి సాక్ష్యంతో తేల్చవచ్చు. ఇంకొకడు గుర్రాన్ని వెయ్యి రూపాయలకు లేదా పదిహేను వందలకు అమ్ముతానని రాశాడు. ధర ఏదో చెప్పడానికి ఎంతమంది సాక్షుల్ని తెచ్చినా కోర్టు విననే వినదు. మొదటి కాగితం చదివితే తేటగానే ఉంది, లోకంలోకి వచ్చాక చిక్కుపడింది. రెండోది పుట్టుకతోనే చెడింది.

అదే 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్‌లోని నూనె ఉదాహరణ నాకు మరీ ఇష్టం. వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పందం. ఏ నూనె? చెప్పలేదు కనక చెల్లదు. అమ్మేవాడు కొబ్బరినూనె తప్ప మరొకటి అమ్మనివాడైతే మాత్రం అవే మాటలతో అదే ఒప్పందం చెల్లుతుంది. మాటలో లేని ఖచ్చితత్వం మనిషి వ్యాపారంలో దొరికింది. మా కక్షిదార్ల విషయంలో నేను రోజూ వెతికేది ఇదే.

సీనియర్ గారి దగ్గర చేరిన కొత్తలో నాకప్పగించిన పని కక్షిదార్ల చేత చెప్పించుకుని రాయడం. అది ఇప్పటికీ జూనియర్లకు ఇవ్వకుండా నేనే చేసుకుంటాను. ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు. మరిది పింఛను కాగితాలని చెప్పి వేలిముద్రలు వేయించుకుని, ఉన్న పొలాన్ని తన కొడుకు పేరిట సెటిల్‌మెంటు రాయించుకున్నాడని ఆమె గోడు. మోసం జరిగిందని దావా వేస్తే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది వివరాలతో, తేదీలతో రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు నాలుగో రూలు. ఎంత ఘాటుగా తిట్టినా ఊరికే మోసం మోసం అంటే అది మోసాన్ని ఆరోపించినట్టే కాదని సుప్రీంకోర్టు 1951లోనే బిషున్‌దేవ్ నారాయణ్ కేసులో తేల్చేసింది.

"వేలిముద్ర ఎప్పుడు వేయించుకున్నాడు పెద్దమ్మా?"

"ఎప్పుడో బాబూ. శానా రోజులైంది."

"ఏ సంవత్సరం?"

"సమచ్చరాలూ నెలలూ నాకేం తెలుస్తాయి నాయనా."

ఇక్కడే చాలామంది ప్లీడర్లు కలం మూసేసి "సుమారు కొన్నేళ్ల క్రితం" అని రాసేస్తారు. అదే పేరా రేపు కోర్టులో వేగ్ అనిపించుకుంటుంది.

"అప్పుడు చేలో ఏముంది?"

"మినుము. కాయ ఎండిపోయింది. పీకటానికి కూలోళ్లని మాట్లాడతా ఉంటే వచ్చాడు."

మా వైపు వరి కోతలయ్యాక మాగాణిలో మినుము. కాయ ఎండి పీకుడుకు వచ్చిందంటే ఫిబ్రవరి చివరో మార్చి మొదలో. నెల దొరికింది.

"ఆ ఏడు ఇంట్లో ఏదైనా శుభకార్యం జరిగిందా?"

"మా మనవరాలికి ఓణీలిచ్చాం. దానికి ముందే వచ్చాడు. ఫంక్షన్‌కి బట్టలు పెడతానని మాట కూడా ఇచ్చాడు, పెట్టలా."

ఓణీల ఫంక్షన్‌కి ఆల్బం ఉంటుంది, అట్టమీద తేదీ ఉంటుంది. ఎక్కడికి తీసుకెళ్లాడని అడిగితే పింఛను ఆఫీసుకన్నది. ఎలా ఉంది ఆ ఆఫీసు? పొడుగు వరండా, నిండా జనం, ఒక్కొక్కళ్లనీ పిలిచి ఫొటో తీశారు, అన్ని వేళ్లూ ఒత్తించారు, దారిలో మరిది నిమ్మసోడా ఇప్పించాడు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూస్తే దస్తావేజు రిజిస్టరైన తేదీ సరిగ్గా మినుము పీకే రోజుల్లోనే ఉంది, ఆల్బం తేదీకి కాస్త ముందు. ఏమీ తెలియదన్న మనిషికి సోడా రుచితో సహా తెలుసు. ఆమె దగ్గర క్యాలెండరు లేదు, పంట ఉంది. పంటలోంచి తేదీని తీసి పేరాలో పెట్టడానికే నాకిచ్చే ఫీజు.

నా బల్ల అవతల కూర్చుని నిజం చెబుతున్నవాడు మాట తడబడతాడేమో గానీ, వాడి జ్ఞాపకం గట్టిగానే ఉంటుంది. చదువుకున్న కక్షిదారు నన్ను ఎక్కువ విసిగిస్తాడు. "పలు సందర్భాల్లో తీవ్ర మానసిక వేదనకు గురిచేశారు" అని టైపు చేయించుకుని మరీ తెస్తాడు. ఏ సందర్భం అని అడిగితే నొచ్చుకుంటాడు.

ఇక భూముల సంగతి. మా కోర్టులో దావాల్లో పెద్ద వాటా వీటిదే కనక ఇక్కడ కొంచెంసేపు నిలబడాలి.

ఆస్తిని గుర్తుపట్టేటంత వివరంగా రాయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. దావా పత్రంలో అయితే హద్దులో సర్వే నంబర్లో ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడో ఆర్డరు మూడో రూలు. పాత దస్తావేజుల్లో షెడ్యూలు చూడ ముచ్చటగా ఉంటుంది. 'య' అంటే ఎకరం. 'య 1-42 సెం.ల మాగాణి భూమికి హద్దులు' అని మొదలెట్టి, 'తూర్పు: పుంత. పడమర: పంట బోదె. ఉత్తరం: మా మిగులు భూమి. దక్షిణం: ఫలానావారు వగైరాల భూమి.' ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న భూమిని సమస్త హక్కులతో, నిధి నిక్షేపాలతో సహా కొన్నవాడికి దఖలు పరిచేస్తారు. నిధి నిక్షేపాల దాకా గుర్తుపెట్టుకున్న లేఖరి దక్షిణపు హద్దు దగ్గర వగైరా అని వదిలేశాడు. ఆ రోజు ఆయన్ని తప్పుపట్టలేం. ఆ అన్నదమ్ములందరూ అప్పుడు గట్టుమీదే నిలబడి ఉంటారు. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

అరవై ఏళ్లు గడిచాక ఆ వగైరాలు పోయారు. వాళ్ల పిల్లల్లో కొందరు అమ్ముకుని హైదరాబాదు వెళ్లారు, కొందరు అమెరికాలో ఉన్నారు. పుంత మీద తారు రోడ్డు పడింది. పంట బోదె పూడిపోయింది. 'మా మిగులు భూమి' మూడు చేతులు మారింది. నేను వేసిన ఒక దావాలో మిగిలిన మూడు హద్దుల మీద తగాదా లేదు. దక్షిణాన పక్క రైతు మా గట్టు దాటి వచ్చాడన్నది మా వాదన. అసలు మీ దస్తావేజులో దక్షిణాన ఉన్నది ఎవరో మీకే తెలియదు, షెడ్యూలు వేగ్‌గా ఉంది, దావా కొట్టేయండి అని వాళ్ల వాదన. అడ్వొకేట్ కమిషనర్ని వేయించాం. మండల సర్వేయరు గొలుసు పట్టుకుని, ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటం చేత్తో పట్టుకుని, సర్వే రాళ్ల కోసం వెతికాడు. ఒక మూల రాయి దొరికింది. రెండోది ఎవరో బట్టలుతికే బండగా వాడుకుంటున్నారు.

అలాంటప్పుడు మన దస్తావేజు చదవడం మానేసి పక్కవాడి దస్తావేజు చదవాలి. మనకు దక్షిణాన ఉన్నవాడికి మనం ఉత్తరాన ఉంటాం కదా. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వాళ్ల పాత దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ తెప్పించాం. అందులో ఉత్తరపు హద్దు దగ్గర మా కక్షిదారు తాతగారి పేరు ఇంటిపేరుతో సహా ఉంది, మధ్యలో ఉమ్మడి గట్టు ఉందని కూడా ఉంది. మన లేఖరి వగైరా అని తేల్చేసిన చోట వాళ్ల లేఖరి పూర్తిగా రాశాడు. హద్దులకూ విస్తీర్ణానికీ తేడా వస్తే సాధారణంగా హద్దులకే కోర్టులు విలువిస్తాయి. కాబట్టి ఒకటిన్నర సెంట్లు ఎక్కువా తక్కువా అన్న లెక్క వెనక్కి పోయి, గట్టు ముందుకు వచ్చింది.

ఒక లేఖరి రాసిన వగైరా ఒక కుటుంబాన్ని కోర్టుకు లాగితే, సర్కారు రిజిస్టరులోని చుక్కలు ఊళ్లకు ఊళ్లనే లాగాయి. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరుని మేం డైగ్లాట్ అంటాం. అందులో పట్టాదారు ఎవరో తేలని చోట ఆ గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. వాటికి చుక్కల భూములన్న పేరు పడింది. దున్నుకుంటున్నవాళ్లు తాతల నాటి నుంచీ దున్నుకుంటూనే ఉన్నా, గడిలో పేరు లేదు కనక ప్రభుత్వానిదేమోనని రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీనికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా నిషేధిత జాబితా నుంచి తీశారు. ఎవరో ఒక గుమాస్తా పేరు కనుక్కోవడానికి బద్ధకించాడో, కనుక్కున్నా తేలలేదో, పెన్ను కొనతో పెట్టిన చుక్కకు ఇంత మూల్యం.

ఇవన్నీ తెలియక వచ్చిన అస్పష్టతలు. తెలిసి చేసేవి వేరే ఉన్నాయి. అమ్మకపు అగ్రిమెంట్లలో గడువు రాయకుండా 'తమరు కోరినప్పుడు రిజిస్టరు చేయించగలవాడను' అని రాయించుకుంటారు. "మనవాడే కదండీ, తేదీ ఎందుకు" అంటారు. లిమిటేషన్ చట్టం 54వ అధికరణం ప్రకారం తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయాలి. లేకపోతే అవతలివాడు కాదన్నాడని తెలిసినప్పటి నుంచి మూడేళ్లు. ఇక ఎప్పుడు కాదన్నాడన్న దాని మీదే పోరు. ఫోన్లో అన్నాడా, పెళ్లిలో కనపడి మొహం తిప్పుకున్నాడా, నోటీసు అందుకుని మాట్లాడకుండా ఊరుకున్నాడా? భూమి ధరలు పెరిగే ఊళ్లో ఆ రాయని తేదీ విలువ ఎకరం విలువ.

జవాబుల్లో కూడా అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు దాటవేత జవాబులకు కళ్లెం వేసింది. ఫలానా మొత్తం తీసుకున్నావని దావా వేస్తే, 'ఆ మొత్తం నేను తీసుకోలేదు' అంటే చాలదు. ఆ మొత్తం గానీ అందులో ఏ కొంచెం గానీ తీసుకోలేదని అనాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి. స్పష్టంగా కాదనని మాటను ఒప్పుకున్నట్టే లెక్క. అయినా 'వాది ఆరోపణలన్నిటినీ ఈ ప్రతివాది ఖండిస్తున్నాడు' అని గుండుగుత్తగా ఒక పేరా ప్రతి రిటన్ స్టేట్‌మెంటులోనూ ఉంటుంది. నేనూ రాస్తాను. దాని మీద ఆధారపడను.

సాక్షి బోనులో మాత్రం ఈ ఆట చూడముచ్చటగా ఉంటుంది. తెలివైన సాక్షి అబద్ధం ఆడడు, నీళ్లు నములుతాడు. 'తెలియదు' అంటే ఒక చిక్కు, 'గుర్తులేదు' అంటే ఇంకో చిక్కు. గుర్తులేదన్నాడంటే ఒకప్పుడు తెలుసన్నమాటేగా. నోటుమీద సాక్షి సంతకం చేసినవాణ్ని డబ్బు నీ ఎదుటే ఇచ్చారా అని అడిగితే "అయ్యుండొచ్చండి" అన్నాడు. జడ్జిగారు కలం ఆపేసి "అయ్యిందా, అవలేదా?" అన్నారు. "నేను లోపల కాఫీ తాగుతున్నానండి, లెక్కపెట్టే చప్పుడు వినపడింది" అన్నాడు. ఆ కాఫీ మాటే మాకు పనికొచ్చింది. ఇంటి లోపలిదాకా వచ్చిన మనిషే అని తేలిపోయింది.

అన్ని వేగ్ మాటలనూ ఒకే కత్తితో కోయడం మీద నాకు అభ్యంతరముంది. భర్తతో పాటు అత్తమామల్నీ, ఆడపడుచుల్నీ గుండుగుత్తగా ఇరికించిన వేధింపుల కేసుల్ని సుప్రీంకోర్టు ఈమధ్య వరసగా కొట్టేస్తోంది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనూ అదే చెప్పింది. ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ముద్దాయిల్ని చేయడం తప్పే, కాదనను. కానీ రోజూ దెబ్బలు తినే మనిషి ఏ రోజు ఏ చెంప మీద అని రాసిపెట్టుకోదు. "ఎప్పుడూ కొడతాడు" అన్న మాట వేగ్‌గా వినపడుతుంది, అది ఆమెకున్న నిజం. అక్కడ తప్పు తరచుగా ఫిర్యాదు రాసిన చేతిదే. ఆమెను రెండు గంటలు కూర్చోబెట్టి అడగాల్సినవాడు పది నిమిషాల్లో పాత నమూనా చూసి రాసిచ్చేశాడు.

చట్టమే వేగ్‌గా ఉంటే ఇంకా ప్రమాదం. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ చిరాకు పుట్టించినా, అసౌకర్యం కలిగించినా నేరమనేది. ఎవరి చిరాకు? కానిస్టేబులుదా, మంత్రిగారిదా? 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో దాన్ని కొట్టేసిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారు. తీర్పు రాసింది నారిమన్ గారు. ఆ మర్నాడు మా బార్ గదిలో సివిల్ ప్లీడర్లం కూడా ఆ తీర్పు తెరిచి చదివాం, మామూలుగా క్రిమినల్ వైపు తొంగిచూడం.

నాకు చేతనైనంతలో అసలు జాగ్రత్త రాజీ కాగితాల దగ్గర. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అమలు చేసే కోర్టు అందులో రాసినదాన్ని దాటి వెళ్లదు. కాబట్టి 'ఇరుపక్షాలూ సామరస్యంగా వాడుకోవాలి' అని ఎవరైనా రాయించబోతే నేను ఒప్పుకోను. సామరస్యం ఉంటే అక్కడికి ఎందుకొస్తారు?

కిందటి ఏడు ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఉమ్మడి బోరు తగాదా. రాజీకి ఇద్దరూ సిద్ధమే. 'వంతులవారీగా నీళ్లు పెట్టుకొనవలెను' అని రాస్తే సంతకం పెట్టేస్తామన్నారు. వంతు అంటే ఎన్నాళ్లు అన్నాను. రోజు విడిచి రోజు అన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు పెద్దాయనవి. మంగళ, గురు, శనివారాలు చిన్నాయనవి. మరి ఆదివారం? పెద్దాయన "నేను పెద్దవాణ్ని" అన్నాడు. చిన్నాయన "నాది తోట, దానికి ఎక్కువ నీళ్లు కావాలన్నయ్యా" అన్నాడు. చివరికి నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం పెద్దాయనకూ, రెండోదీ నాలుగోదీ చిన్నాయనకూ అని తేలింది. మోటారు రిపేరు ఖర్చు చెరిసగం. రిపేరంటే వైండింగు, స్టార్టరు, కేబులు అని పేర్లతో సహా రాశాం. బెంచి మీదున్న పెద్దలు టీ కూడా తెప్పించుకున్నారు. సంతకాలకు ముందు చదివి వినిపిస్తుంటే, అప్పటిదాకా గోడవార కూర్చున్న చిన్నాయన భార్య "అయ్యా, కొన్ని నెలల్లో ఐదు ఆదివారాలొస్తాయి గదండీ" అంది. మళ్లీ అరగంట పట్టింది. ఐదో ఆదివారం మోటారుకు సెలవు అని రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాం.